నడిమి పత్రం

మార్చి 3

ఒరేయ్ తమ్ముడూ,

రెండేళ్ల తరవాత రాస్తున్నాను. ప్రేమ పొంగి కాదు, అవసరం పడి. ఆ ముక్క మొదటే చెప్పేస్తే నీకూ నాకూ సుఖం.

ఫోన్ చెయ్యకు. చేసినా ఎత్తను. నీ గొంతు మీద నాకు నమ్మకం పోయిందని నీకు తెలుసు, ఎందుకు పోయిందో కూడా తెలుసు. మెయిల్ రాయి. నా కంప్యూటర్ చదివి వినిపిస్తుంది. దాని గొంతు రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టుంటుంది, నీ తియ్యదనం దానికి పలకదు. నాకు కావలసిందీ అదే.

ఇక విషయం. చూపు లేని పెద్దవాళ్లకి కంప్యూటర్ నేర్పే మా కేంద్రంలో ఈసారి పదకొండు మంది ఉన్నారు. ఈ నెల 28న వాళ్లకి ఉద్యోగ పరీక్ష. టైపిస్టులు, టెలిఫోన్ ఆపరేటర్లు. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే ప్రోగ్రాం పరీక్ష గదిలో కొత్తది పెడుతున్నారట. గొంతు కూడా కొత్తదేనట. పాత గొంతుకి అలవాటు పడ్డ చెవి కొత్త గొంతు దగ్గర తడబడుతుంది. గంట పరీక్షలో తడబడడానికి టైం ఎక్కడిది? అందుకే ముందుగా తెచ్చుకుని సాధన చెయ్యమని నోటీసు పంపారు.

ఆ ప్రోగ్రాం తయారుచేసే సంస్థ ఎక్కడో దూరాన ఉందట. దాని నకళ్లు అక్కడక్కడ వేరే సర్వర్లలో ఉంచుతారట, వాటిని మిర్రర్లంటారట. మన భాష గొంతు ఉన్న నకలు ఒకే ఒక్క మిర్రర్‌లో ఉందట. తీరా చూస్తే అది మీ కాలేజీది. దాన్ని చూసుకునేది నువ్వు. నా ఖర్మ కాలింది అక్కడ.

పదకొండు కంప్యూటర్లలోనూ ఒకటే పాట: "సర్టిఫికెట్ సరిచూడడం కుదరలేదు. జారీచేసినవారు తెలియరు." అక్కడితో ఆగిపోతోంది. పొద్దుటినించి ఇదే వింటున్నాను. మీ అద్దాన్ని బాగుచెయ్యి. గుడ్డిదానికి అద్దం చూపించడమంటే సామెత అనుకున్నాను, నిజంగానే చూపించావు.

జవాబు తొందరగా రావాలి.

అక్క

~

మార్చి 4

అక్కా,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. తిట్లు తీసేస్తే నాలుగు వాక్యాలు మిగిలాయి. వాటికి జవాబు.

సర్టిఫికెట్ అంటే మా సర్వర్ గుర్తింపు కార్డు. మీ కంప్యూటర్ మా తలుపు కొట్టగానే మా సర్వర్ ఆ కార్డు చూపిస్తుంది. ఎవరిచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది అని మీ కంప్యూటర్ చూసుకుంటుంది. నచ్చకపోతే వెనక్కి తిరుగుతుంది. అది దాని మంచితనం, దాన్ని తిట్టకు.

నూటికి తొంభై పాళ్లు ఇలాంటప్పుడు తప్పు మీ వైపే ఉంటుంది. మీవి ఎవరో వాడి పడేసిన కంప్యూటర్లు కదా. లోపలి బ్యాటరీ చచ్చిపోయి తేదీ ఏ పాత సంవత్సరంలోనో ఆగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు నిన్న ఇచ్చిన కార్డు కూడా దానికి ఇంకా పుట్టనట్టే. ఎవరైనా చూపున్నవాళ్లని పిలిచి తేదీ చూపించు. అదీ కాకపోతే, ఎవరెవరు ఇచ్చిన కార్డుల్ని నమ్మాలో ఒక జాబితా కంప్యూటర్లో ఉంటుంది, అది పాతబడి ఉంటుంది. కొత్త జాబితా మా మిర్రర్‌లోనే ఉంది, దింపుకో.

మీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. మోకాలు ఎలా ఉంది?

నీ తమ్ముడు

~

మార్చి 6

ఒరేయ్,

తేదీ చూడడానికి చూపెందుకురా? మీట నొక్కితే మిషన్ చెబుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ పనే నేర్పిస్తున్నదాన్ని, "చూపున్నవాళ్లని పిలిచి చూపించు" అని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి?

చూశాం. మూడింట్లో తేదీ తప్పే. ఆ మాట వరకు నీది నిజం, దాచను. మా దగ్గర ఒకాయన ఉన్నాడు, అందరూ లేతు బాబాయి అంటారు. ముప్ఫై ఏళ్లు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కాడు. ఆరేళ్ల కిందట ఇనప రజను ఎగిరి రెండు కళ్లూ పోయాయి. ఆయన మూడు పెట్టెలూ విప్పి, వేళ్లతో తడుముకుని బ్యాటరీలు మార్చాడు. ఒక్క మర కింద పడలేదు. మీ కాలేజీలో చూపున్నవాళ్లు ఎన్ని మరలు పారేస్తారో లెక్క చూసుకో.

తేదీలు సరయ్యాయి. పాట మారలేదు. "జారీచేసినవారు తెలియరు."

ఇక నీ రెండో సలహా. కొత్త జాబితా మీ మిర్రర్‌లోంచి దింపుకోవాలి, దింపుకోవాలంటే మిర్రర్‌ని నమ్మాలి, నమ్మాలంటే జాబితా కావాలి. తాళంచెవి పెట్టెలో పెట్టి తాళం వేసి, "తీసుకో అక్కా" అన్నట్టుంది. రాసేముందు ఒక్కసారి చదువుకునే అలవాటు చిన్నప్పుడూ లేదు నీకు.

ఇరవై రెండు రోజులుంది పరీక్షకి. మోకాలు అడిగావు. మోకాలు నొప్పిగానే ఉంది, నీలాగా అబద్ధమాడదు.

అక్క

~

మార్చి 7

అక్కా,

చూపున్నవాళ్లు అన్నది నోరుజారి. క్షమించు. జాబితా సంగతీ ఒప్పుకుంటాను, తెలివితక్కువ సలహా.

కానీ ఒక మాట. ఇప్పుడే నా కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి మిర్రర్‌లోకి వెళ్లాను. శుభ్రంగా తెరుచుకుంది. ఏ గొడవా లేదు. నా దగ్గర పనిచేస్తున్నది నీ దగ్గర పనిచెయ్యలేదంటే, మనిద్దరి మధ్య ఎవడో ఉన్నాడన్నమాట. మీకు నెట్ ఇచ్చేవాడు మధ్యలో ఏదో పెట్టె పెట్టి, అందరి కార్డులూ తీసుకుని తన కార్డు చూపిస్తూ ఉండొచ్చు. కొందరు అలా చేస్తారు. వాణ్ణి నిలదియ్యి.

కింద ఒక కమాండ్ ఇస్తున్నాను. మా సర్వర్ చూపించే సర్టిఫికెట్లన్నీ నంబర్లు వేసి వరసగా చెబుతుంది. వచ్చింది వచ్చినట్టు నాకు పంపు.

కాలేజీలో మా పై అధికారి, పెద్దాయన, ఈ మధ్య నా మీద కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని తిరుగుతున్నాడు. అందుకని జవాబులు కొంచెం ఆలస్యమైతే అలగకు.

తమ్ముడు

~

మార్చి 9

తమ్ముడూ,

నెట్ ఇచ్చేవాణ్ణి నిలదీశాను. నువ్వు చెప్పావు కదా అని, వాడి దుకాణానికి వెళ్లి నలుగురిలో "మధ్యలో దొంగ పెట్టె పెట్టావా" అని అడిగాను. వాడు మా కేంద్రానికి అయిదేళ్లుగా సగం ధరకి ఇస్తున్నాడు. "అమ్మా, మీరు ఈ మాట అంటారనుకోలేదు" అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు అబద్ధం కాదు. సరిచూద్దామని మా వార్డెన్ ఫోన్‌లోని నెట్‌కి తగిలించి చూశాం. అదే పాట. అంటే దొంగ పెట్టే లేదు, దొంగా లేడు. నీ మాట విని మంచివాడి మొహాన బురద కొట్టాను. రేపు వెళ్లి క్షమాపణ అడగాలి. నీ బదులు కూడా నేనే అడుగుతాను, నీకు శ్రమ ఎందుకు.

కమాండ్ కొట్టాం. వచ్చింది ఇది: సున్నా నంబరు, మీ కాలేజీ సర్టిఫికెట్. అంతే. ఒకటో నంబరు లేదు. చివర, "జారీచేసినవారి పత్రం దొరకలేదు." మొత్తం జత చేశాను. ఎన్నిసార్లు ఏం వచ్చిందో తేదీలు వేసి లేతు బాబాయి ఒక ఫైల్లో దాస్తున్నాడు, అదీ జత చేశాను. చదువు.

ఇంకో సంగతి. మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్‌ని అడిగాను. నవ్వాడు. "ప్రోగ్రాం దింపే కమాండ్ చివర ఒక్క మాట చేర్చండమ్మా, సర్టిఫికెట్ చూడకుండా దింపేస్తుంది" అన్నాడు. పదకొండో కంప్యూటర్లో చేర్చి చూశాను. పది నిమిషాల్లో దిగింది. గొంతు పలికింది! పదకొండు మందీ దాని చుట్టూ మూగి విన్నారు. పాత గొంతు ఫోన్ నంబరుని ఒక్కొక్క అంకెగా చెప్పేది, ఇది రెండేసి అంకెలు కలిపి చెబుతోంది. ఇదీ మేం సాధన చెయ్యాల్సింది. వారం రోజులు నీతో రాసుకుని పొందనిది వీధి మెకానిక్ ఒక్క మాటలో ఇచ్చాడు.

మిగతా పదింటికీ అలాగే చెయ్యమంటావా? రేపటిలోగా చెప్పు.

అక్క

~

మార్చి 10

అక్కా,

ఏం చేశావు నువ్వు? బుద్ధుండే చేశావా?

సర్టిఫికెట్ చూడకుండా దింపడమంటే తలుపు కొట్టింది ఎవరో అడక్కుండా గడియ తీసి ఇంట్లో కూర్చోబెట్టుకోవడం. ఆ ఫైల్లో ఏముందో నీకు తెలుసా? మీవాళ్లు మీటలు నొక్కినవన్నీ ఎవడికో చేరవేసేది అందులో ఉంటే? పదకొండు మంది వివరాలు, వేలిముద్రలు, పరీక్ష నంబర్లు అన్నీ ఆ కంప్యూటర్లలోనే ఉన్నాయి కదా? ఎవడో దారినపొయ్యే మెకానిక్ చెప్పాడని చేసేస్తావా? ఇరవై ఏళ్లు నేర్పించానంటావు, ఇదేనా నేర్పించేది?

వెంటనే ఆ పదకొండో కంప్యూటర్ నెట్ వైరు పీకెయ్యి. మొత్తం తుడిచేసి మళ్లీ మొదటినించి పెట్టుకో. మిగతా వాటిని ముట్టుకోకు. నేను చెప్పేదాకా ఏమీ చెయ్యకు.

తమ్ముడు

~

మార్చి 11

ఒరేయ్,

పీకేశాం. తుడిచేశాం. పెద్ద కంప్యూటర్ మేధావివి, నువ్వు చెప్పాక కాదనడానికి మేమెవరం?

తుడిచేముందు దాని ముందు ఎవరు కూర్చున్నారో చెబుతాను విను. ఒకావిడ ఉంది, ఎక్స్ఛేంజి ఆవిడ అంటాం. పద్నాలుగేళ్లు ఫోన్ల కంపెనీలో పనిచేసింది, షుగరు వల్ల చూపు పోతే ఉద్యోగమూ పోయింది. నంబర్లు రాసుకోవడంలో ఆవిడ తరవాతే ఎవరైనా. కొత్త గొంతు రెండేసి అంకెలు కలుపుతుంటే ఒకటే తప్పులు. అయినా పట్టు వదలకుండా నలభై నిమిషాలు కూర్చుంది, అప్పుడప్పుడే పట్టు చిక్కుతోంది. "లేవండి, తుడిచెయ్యాలి" అన్నాను. హెడ్‌ఫోన్ తీసి వైరు మడతపెట్టి నా చేతిలో పెట్టింది. ఆవిడ తిట్టి ఉంటే బావుండేది.

తలుపు ఎవరు కొట్టారో అడక్కుండా తీస్తానన్నావు. రోజూ రోడ్డు మీద ఎవరో నా చెయ్యి పట్టుకుంటారు. దొంగో దొరో నాకు తెలీదు. ఆ చెయ్యి పట్టుకునే రోడ్డు దాటుతాను. దాటకపోతే ఇవతలే నిలబడి చావాలి. నమ్మకం గురించి నువ్వు నాకు పాఠం చెప్పకు. తెలిసినవాళ్ల చేతిలోనే నేను మోసపోయింది, తెలియనివాళ్ల చేతిలో కాదు.

నేను పంపిన లిస్టు చదివావా? సున్నా నంబరు ఉంది, ఒకటో నంబరు లేదు. దానర్థమేంటి? రెండు పేరాలు తిట్టావు కానీ దాని గురించి ఒక్క అక్షరం లేదు.

పదిహేడు రోజులు.

అక్క

~

మార్చి 15

అక్కా,

నాలుగు రోజులు పనుల్లో పడి రాయలేకపోయాను. ఆ రోజు కోపంలో మాటలు తూలాను, మనసులో పెట్టుకోకు.

ఒకసారి ఇప్పుడు ప్రయత్నించి చూడు. ఇలాంటివి ఒక్కోసారి వాటంతటవే సర్దుకుంటాయి. మా వైపు మేమేమీ మార్చలేదు. తేదీలు సరిచేశారు కదా, దాని ఫలితం ఇప్పుడు కనబడుతుందేమో.

అందరికీ పరీక్ష బాగా జరగాలి.

నీ తమ్ముడు

~

మార్చి 16

తమ్ముడూ,

దిగిందిరా! పదకొండింట్లోనూ! ఒక్క మాట కూడా అదనంగా చేర్చలేదు, సర్టిఫికెట్ చూసుకునే దింపింది. గది గదంతా కొత్త గొంతులే, చేపల బజారులా ఉంది. ఎక్స్ఛేంజి ఆవిడ పొద్దుట తొమ్మిదికి కూర్చుంది, సాయంత్రం అయిదుకి లేచింది.

నిన్ను చాలా అన్నాను. తప్పు మా తేదీలదే అయ్యుంటుంది. నీ దగ్గర ఏ లోపమూ లేకపోయినా నా నోటికి జడిసి పనులు మానుకుని కూర్చుని ఉంటావు. చిన్నప్పుడు నన్ను బడి గేటు దాకా దింపి, నేను లోపలికి వెళ్లేదాకా నిలబడేవాడివి. ఆ తమ్ముడు ఎక్కడికీ పోలేదేమో అనిపించింది ఇవాళ.

మరదలు బాగుందా? నా మోకాలికి నూనె రాస్తున్నాను, కాస్త నయం.

ప్రేమతో,
అక్క

~

మార్చి 18

ఏరా,

మొన్నటి ఉత్తరం ఇంకా నీ దగ్గరుంటే చింపెయ్యి. మెయిల్ చింపలేవు కదా, తుడిచెయ్యి. తుడవడం నీకు ఇష్టమైన పని.

లేతు బాబాయికి ఒక జబ్బుంది. పాడైన పని బాగుపడితే ఊరుకోడు, ఎందుకు బాగుపడిందో తేలాలంటాడు. నువ్విచ్చిన కమాండ్ మళ్లీ కొట్టాడు. ఇప్పుడు ఏం వచ్చిందో తెలుసా? సున్నా నంబరు, మీ కాలేజీ. ఒకటో నంబరు, ఇంకేదో సంస్థ పత్రం. తొమ్మిదో తారీకున ఒకటే ఉంది, ఇప్పుడు రెండున్నాయి. రెండు రోజులు కూర్చుని దాని గురించి దొరికినవన్నీ మిషన్ చేత చదివించుకున్నాడు. తరవాత నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మా, అందరూ నమ్మే పెద్ద సంస్థ నేరుగా కాలేజీకి సంతకం పెట్టదు. అది మధ్యలో ఒక చిన్న సంస్థకి పెడుతుంది, ఆ చిన్నది కాలేజీకి పెడుతుంది. సర్వర్ తన పత్రంతో పాటు ఆ నడిమి పత్రం కూడా చూపించాలి. చూపిస్తేనే మన కంప్యూటర్‌కి లంకె కుదురుతుంది. వీళ్లు నడిమి పత్రం పెట్టడం మరిచిపోయారు. బ్రౌజర్ ఆ నడిమి పత్రాన్ని ఇంకెక్కడో చూసి దాచుకుని ఉంటుంది, అందుకే మీ తమ్ముడికి తెరుచుకుంది. మన కమాండ్‌కి అలా దాచుకునే అలవాటు లేదు. తప్పు మన తేదీల్లో లేదు. వాళ్ల సర్వర్లో ఉంది. ఇప్పుడు ఎవరో ఆ పత్రం పెట్టారు."

"మా వైపు మేమేమీ మార్చలేదు" అని రాశావు. ఆ వాక్యాన్ని మిషన్ చేత పదిసార్లు చదివించుకున్నాను. పదిసార్లూ ఒకేలా చదివింది.

తప్పు చేశావని కాదురా నా మంట. పత్రం మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది. నెట్ వాడి మొహాన బురద కొట్టించావు. నడుస్తున్న కంప్యూటర్ని తుడిపించావు. నాకు బుద్ధుందా అని అడిగావు. చివరికి ఎవరికీ తెలీకుండా సరిచేసి "వాటంతటవే సర్దుకుంటాయి" అన్నావు. నాచేత నీకు ప్రేమతో అని రాయించుకున్నావు.

ఇది రెండోసారి. అమ్మ ఆస్పత్రిలో ఉన్న మూడు రోజులూ ఫోన్‌లో "బాగానే ఉందక్కా, తింటోంది, నవ్వుతోంది" అన్నావు. ఎంత హాయిగా అన్నావో! నాలుగో రోజు వచ్చి నేను పట్టుకుంది చల్లబడిపోయిన చెయ్యి. కళ్లున్నవాళ్లు మొహం చూసి మోసపోతారు, నేను నీ గొంతు విని మోసపోయాను. ఇప్పుడు రాతలో కూడా చేశావు. ఇంక నీకు మిగిలిన దారి ఏది?

దీనికి జవాబు రాస్తే నిజం రాయి. లేకపోతే రాయకు.

~

మార్చి 20

అక్కా,

నిజం రాస్తున్నాను.

ఫిబ్రవరి 26న పాత సర్టిఫికెట్ గడువు అయిపోతుంటే కొత్తది పెట్టాను. రెండు ఫైళ్లు పెట్టాలి, ఒకటే పెట్టాను. బ్రౌజర్లో తెరిచి చూసుకుని సరిపోయిందనుకున్నాను. తొమ్మిదో తారీకున నీ లిస్టు చూడగానే, రెండు నిమిషాల్లో నాకు అర్థమైపోయింది.

అంటే పదో తారీకున నిన్ను తిట్టేటప్పటికే తప్పు నాదని నాకు తెలుసు. తెలిసే అంతగా తిట్టాను. నువ్వు దింపుకున్న ఫైలు సరైనదో కాదో తేల్చే దారి కూడా ఉంది. ప్రతి ఫైలుకీ ఒక ముద్ర నంబరుంటుంది, రెండు వైపులా పోల్చుకుంటే అయిదు నిమిషాల పని. ఆ మాట చెబితే నువ్వు ఇంకా ప్రశ్నలు వేస్తావని చెప్పలేదు. ఆ కంప్యూటర్ తుడవక్కర్లేకపోయింది.

కిందటేడు ఇలాంటిదే ఒక పొరపాటు చేశాను. ఇంకోసారి జరిగితే ఊరుకోనని పెద్దాయన అన్నాడు. సర్వర్లో ఏం మార్చినా ఆయన సంతకం కావాలి. పద్నాలుగున ఆయన సెలవు పెట్టాడు. ఆ రోజు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా సరిచేశాను. నా సీటు కాపాడుకోవడానికి మీ పదకొండు మంది చేత అయిదు రోజులు పడిగాపులు కాయించాను. ఇదీ జరిగింది.

నిన్న వెళ్లి పెద్దాయనకి చెప్పాను. మిర్రర్ మొదటి పేజీలో నోటీసు కూడా పెట్టాను, ఫలానా తేదీ నించి ఫలానా తేదీ దాకా తప్పు మాదే, సర్టిఫికెట్ చూడకుండా దింపుకున్నవాళ్లు ముద్ర నంబరు పోల్చుకోండి అని. సాయంత్రానికి నలభై మంది రాశారు. అందరూ తమ కంప్యూటర్లనే తప్పుపట్టుకున్నారట. మిర్రర్ నా చేతిలోంచి తీసేశారు. ప్రింటర్ల గదిలో వేశారు.

నెట్ ఆయన నంబరు కనుక్కున్నాను, నేనే మాట్లాడతాను.

అమ్మ విషయం వేరు. అప్పుడు చేసింది నీ మంచికే.

తమ్ముడు

~

ఏప్రిల్ 30

తమ్ముడూ,

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం పరీక్ష, ఆ తరవాత ఫలితాల కోసం ఎదురుచూపు. ఇవాళ వచ్చాయి. తొమ్మిది మంది పాసయ్యారు. లేతు బాబాయి మా కేంద్రంలో మొదటివాడు. ఆయనకి టైపిస్టు ఉద్యోగమొద్దట, కంప్యూటర్లు బాగుచేసే పనిస్తారా అని ఇంటర్వ్యూలో అడుగుతానంటున్నాడు. అడిగేలాగే ఉన్నాడు.

ఇద్దరు తప్పారు. అందులో ఒకరు ఎక్స్ఛేంజి ఆవిడ. రెండు మార్కులు. ఫోన్ నంబర్ల ప్రశ్నలో పోయాయి. "రెండేసి అంకెలు వచ్చేసరికి పాత చెవి అడ్డం పడిందండీ" అంది. మళ్లీ పరీక్ష ఆరు నెలల తరవాత. ఆవిడ ఇవాళ కూడా వచ్చి తన కుర్చీలోనే కూర్చుంది.

నువ్వు మింగేసిన ఆ అయిదు రోజులు ఉంటే ఆవిడ పాసయ్యేదా? నాకు తెలీదు. నీకూ తెలీదు. ఎప్పటికీ ఎవరికీ తెలీదు. నా కోపం దాని మీద. నిన్ను తిట్టడానికి కూడా నాకు గట్టి ఆధారం మిగల్చలేదు.

నీ నోటీసు చదివించుకున్నాను. నెట్ ఆయన వచ్చి నువ్వు ఫోన్ చేశావని చెప్పాడు. ఒప్పుకున్నావు, బావుంది. కానీ ఆ ఉత్తరంలో అన్నీ తేదీలతో రాసి, అమ్మ దగ్గరికొచ్చేసరికి "నీ మంచికే" అని ఒక్క ముక్క విసిరావు. నా మంచి ఏదో నాకు తెలీకుండా నువ్వెలా తేల్చావురా? నా వయసు నలభై ఆరు.

ఆ మూడు రోజులు రాయి. ఏ రోజు ఏం జరిగిందో, అమ్మ ఏమందో. నన్ను అడిగిందా? తగ్గించకు, పెంచకు.

అక్క

~

మే 2

అక్కా,

నీ మంచికి కాదు. అది కూడా అబద్ధమే.

అమ్మకి దగ్గు, ఆయాసం ఆదివారం మొదలయ్యాయి. మామూలు జలుబనుకుని నేను మంగళవారం దాకా ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. వెళ్లగానే డాక్టర్ అడిగిన మొదటి మాట, "రెండు రోజుల కిందట ఎందుకు తీసుకురాలేదు?" నీకు చెబితే నువ్వూ అదే అడుగుతావు. "నీ వల్ల కాకపోతే చెప్పు, అమ్మని నేను తీసుకెళ్తాను" అని అంతకుముందు ఒకసారి అన్నావు. ఆ ప్రశ్నకి జడిసి, బాగానే ఉందని చెప్పాను. అమ్మ కోలుకుని ఇంటికొచ్చేస్తే ఏ ప్రశ్నా ఉండదనుకున్నాను.

మొదటి రోజు తింది. నవ్వింది కూడా. ఆ రోజు ఫోన్‌లో చెప్పింది నిజం. రెండో రోజు ఏమీ తినలేదు. "అక్కకి చెప్పావా?" అంది. చెప్పాను, వస్తోంది అన్నాను. నీకు చెప్పకుండానే అన్నాను. నీకో అబద్ధం, అమ్మకో అబద్ధం.

మూడో రోజు పొద్దుట మూడుసార్లు అడిగింది. బస్సెక్కింది అన్నాను. మధ్యాహ్నం రెండు దాటాక కళ్లు తెరిచి గుమ్మం వైపు చూసింది. చూడ్డానికి వచ్చినవాళ్లు కూర్చునే ఇనప కుర్చీ అక్కడ అడ్డంగా ఉంది. "ఒరేయ్, ఆ కుర్చీ తియ్యరా, అక్క వస్తే తగులుతుంది" అంది. తీశాను. గోడవారగా పెట్టాను. నువ్వు బస్సెక్కలేదని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. "ఇప్పుడు దారి ఉందిగా?" అంది. ఉందమ్మా అన్నాను. ఆ తరవాత మాట్లాడలేదు. ఆ సాయంత్రమే పోయింది.

ఈ మాట మీ మరదలికి కూడా చెప్పలేదు.

~

మే 3

తమ్ముడూ,

పొద్దుట ఒక్కదాన్నే గదిలో కూర్చుని విన్నాను. మిషన్ అమ్మ మాటని కూడా ఆ రేకు గొంతుతోనే చదివింది. ఆపి మళ్లీ విన్నాను. ఎనిమిదోసారికి అది అమ్మ గొంతులో వినబడింది.

కోపం తగ్గిందేమో అని చూసుకున్నాను. తగ్గలేదు. ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకెళ్లడం నేనైనా చేసి ఉండేదాన్ని, జలుబే అనుకునేదాన్ని. అది నిన్ను అననురా, ఎప్పటికీ అనను. కానీ ఆ మాట అమ్మ నా కోసం అంది. అది నాది. రెండేళ్లు నువ్వు దాన్ని జేబులో పెట్టుకుని తిరిగావు, నేను ఇక్కడ అమ్మ చివర్లో నన్ను తలుచుకుందో లేదో అని ఏడ్చాను.

పదిహేనో తారీకు నించి మాకు సెలవులు. వస్తాను. బస్టాండుకి రా. వచ్చాక ఆ ఆస్పత్రికి, ఆ గదికి తీసుకెళ్లు. గుమ్మం ఎక్కడుందో, మంచం ఎక్కడుందో, తను ఎటు తిరిగి పడుకుందో చూపించు. అక్కడ నిలబడి నిన్ను తిట్టాల్సినవి చాలా ఉన్నాయి. పారిపోకుండా విను.

అక్క